బెల్టు చివర

తెల్ల బెంజి.
మినీబైపాస్ పక్కన రేకుల షెడ్డులో
రెండు ఇన్నోవాల మధ్య
పెళ్ళికి తొందరగా వచ్చేసిన పెద్దమనిషిలా
ఒబ్బిడిగా నిలబడుంది.
మద్రాసు నంబరు. ఒకే ఓనరు, డాక్టరు,
ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిప్పలేదంటాడు మునిశేఖర్.
నలభై ఒక్క వేలు తిరిగిందని మీటరు చెబుతుంది.
బ్రేకు పెడల్ మీద అరిగిన రబ్బరు
ఇంకేదో చెబుతుంది.

పద్నాలుగు లక్షలు.
కొత్తదయితే అరవై పైమాటే అని మా ఆయన
నెల రోజులుగా అన్నం ముందర కూర్చుని అంటున్నాడు,
మిగిలిన నలభై ఆరూ ఎవరో మాకిచ్చినట్టు.

నేను నీళ్ళు పరీక్ష చేసే మనిషిని.
ఇందుకూరుపేట సెంటర్లో, మేతల షాపు మీద,
పద్దెనిమిదేళ్ళుగా
రొయ్యల గుంటల్ని సీసాల్లో పట్టుకొచ్చి
నా బల్ల మీద పెడతారు జనం,
"ఏం లేదు గదా మేడం" అని
జవాబు కూడా వాళ్ళే తెచ్చుకుని.
అమ్మోనియా ఎంతుందో కనుక్కోవడం తేలిక.
వాళ్ళ మొహం చూసి చెప్పాల, అదీ.

మెకానిక్ సందానీని వెంట తెచ్చుకున్నాం.
బానెట్ ఎత్తలేదు ముందు, టైర్ల పుట్టినతేదీలు చదివాడు.
కిందికి దూరి, పైకొచ్చి, చేతులు తుడుచుకుంటా,
"గేర్‌బాక్స్ పోతే నాలుగు లక్షలక్కా.
గాలి మీద నిలబడే బండిది,
గాలిసంచి ఒకటి చిరిగితే లక్షన్నర.
ముందు లైటు పగిల్తే నా షాపుకి ఏడాది బాడుగ.
కొనేది మారుతీ రేటుకే,
మేపాల్సింది మాత్రం బెంజినే" అన్నాడు.

మా ఆయన నవ్వాడు.
పిల్లా, మేతా, కరెంటూ అని
ఎకరాకి ఆరేడు లక్షలు నీళ్ళలో పోసి
మబ్బు పడితే నిద్రపోని మనిషి,
కారుకి గ్యారంటీ అడుగుతాడా?
రెండేళ్ళ కింద, పట్టుబడికి వారం ఉందనగా,
మా గుంట తెల్లమచ్చతో తేలిపోయింది.
పాజిటివ్ అని రిపోర్టు రాసింది నేనే.
కింద సంతకం కూడా నాదే.
ఆ ఏడు రొట్టెల పండక్కి ఆయన పట్టింది వాహనం రొట్టె.
నేను అప్పు తీరే రొట్టె.
ఒకే నీళ్ళలో, పక్కపక్కన నిలబడే.

వెనక సీట్లో కూర్చున్నాను. తలుపు వేశాను,
వేశాననడం తప్పు, అదే మూసుకుంది
పాలగిన్నె మీద మూతలా.
లారీలు, హారన్లు, మునిశేఖర్ కదిలే నోరు
అన్నీ అద్దం అవతలే ఉండిపోయాయి.
పగలూ రాత్రీ నా చెవుల్లో తిరిగే ఏరియేటర్లు
ఠక్కున ఆగాయి.
ఇదా, డబ్బున్నోళ్ళు ఇన్నాళ్ళూ
మాకు చెప్పకుండా కొనుక్కుంటున్నది?

మల్లెపూల సెంటు వాసన. కొంచెం ఎక్కువగా.
ఎక్కువగా వాసనొచ్చే చోట ఆగే ముక్కు నాది.
సీటుబెల్టు పట్టి లాగాను,
ఎవరూ లాగనంత లాగాను.
వస్తానే ఉంది, వస్తానే ఉంది,
చిట్టచివరి జానెడులో
అడ్డంగా ఒక గోధుమరంగు గీత.
గోటితో గీకితే రాలింది, సన్నటి ఒండ్రు.
నాలిక్కి తగిలించుకున్నాను. ఉప్పు లేదు.
సముద్రం కాదు.
ఏ ఏరో, ఏ వీధి కాలవో
డాక్టరు గారి సెల్లార్లో దిగి
ఈ సీట్లో, నాకంటే ముందు,
కొన్నాళ్ళు కూర్చుని పోయింది.

బయట మా ఆయన బండి చుట్టూ మూడోసారి తిరుగుతున్నాడు.
అద్దంలోంచి కనుబొమ్మలు ఎగరేశాడు,
ఏం లేదు గదా?
సీసా పట్టుకొచ్చే అందరి మొహం అదే.

బెల్టు వదిలేశాను.
సర్రున లోపలికి పోయి దాక్కుంది.
తలుపు తీసుకుని దిగి
"పదకొండుకిస్తే చూద్దాం" అన్నాను.
ఆయన నోరు తెరవకముందే అన్నాను.
అన్నది ల్యాబు మనిషో,
చెవులు చల్లబడ్డ మనిషో
ఇప్పటికీ తెలీదు.

పాత హోండా మీద ఇంటికొస్తుంటే
గోట్లో ఒండ్రు ఆరి బిగుసుకుంది.
సందానీ పక్కనే తన బండి మీద వస్తా
కోవూరు మెకానిక్కుల గురించీ, ఎండ గురించీ చెప్పాడు,
కారు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.
ముందు సీటు బెల్టు
అతనూ లాగే ఉంటాడు.