అస్తరు

గురువారం పొద్దున
కొట్టు తలుపు సగం తెరిచానో లేదో
ఇష్బెల్ గుమ్మంలో ఉంది.
రాత్రంతా ఆసుపత్రి నేల తుడిచిన చేతులు,
ఇంకా వదలని బ్లీచింగ్ వాసన,
టే నది మీంచి కొట్టే గాలికి ఎర్రబడ్డ ముక్కు.

"కోటు కావాలి. పాతది పోయింది."
ఎక్కడ పారేసుకున్నావ్ అన్నాను.
"పారేసుకోలేదు. పోయింది," అంది,
మనుషుల గురించి చెప్పేటంత మర్యాదగా.
పదకొండు చలికాలాలు కాసిందట.
మోచేతుల దగ్గర మూడుసార్లు అతుకు వేసిందట.
నాలుగోసారి
అతుకు పట్టుకోడానికి బట్టే మిగల్లేదట.

సంచిలోంచి ఒక కాగితం తీసి పరిచింది.
పళ్ళ డాక్టరు దగ్గర పత్రికలోంచి చింపుకొచ్చింది,
చప్పుడు వినపడకుండా
గట్టిగా దగ్గుతూ.
నిగనిగలాడే కాగితం. ఆకలి మొహంతో ఓ పిల్ల.
ఒంటె రంగు కోటు.
కింద ఎర్రక్షరాలు: కారుచవక! ఈ వారమే!
రెండొందల నలభై పౌన్లు.
"అసలు నాలుగొందల ఎనభై అట,
ఆ నాలుగొందల ఎనభై ఇచ్చినవాళ్ళని
ఒక్కర్ని నాకు చూపించమను."

రెండొందల నలభై మిగుల్చుకోండి అని కూడా ఉంది.
ఖర్చుపెట్టి మిగుల్చుకోవడం!
నేను రసీదు వెనక లెక్కవేసి చూశాను:
ఇరవై గంటలు.
మూడు వార్డులు, రెండు మెట్లవరసలు,
ఎవరో కక్కిన లిఫ్టు, రెండున్నర రాత్రులు.

అప్పుడు నవ్వొచ్చింది నాకు.
ఎందుకంటే సోమవారం వచ్చిన మూటల్లో
అదే కోటు ఉంది.
అదే ఒంటె రంగు, అదే నడుంపట్టీ,
ధర చీటీ కూడా తెంపలేదు,
ఎవరి ఒంటి మీదా ఒక్క పూటైనా ఉండలేదు.
ఆవిరిపెట్టె పట్టి, ముడతలు తీసి,
ఎనిమిది పౌన్లని నేనే రాసి వెనక దాచాను.
తెచ్చి ఆమె ముందు పెట్టాను,
పుట్టినరోజు కేకు తెచ్చినట్టు.

ఇష్బెల్ తొడుక్కోలేదు.
లోపలివైపు బయటికి తిప్పింది.
ఆమె అమ్మమ్మ ఈ ఊరి జనపనార మిల్లులో
మగ్గాల దగ్గర చెవుడు తెచ్చుకున్న మనిషి,
చీకట్లో బొటనవేలితో పోగు నాణ్యం చెప్పేదట.
ఆ బొటనవేలే ఇప్పుడు
కుట్టు వెంబడి మెల్లగా నడుస్తోంది.
గుండీ లాగింది. పిడికిట్లో బట్ట నలిపి వదిలింది.
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి పట్టింది.

"అస్తరు కుట్టలేదమ్మా, జిగురుతో అంటించారు.
ఒక్క వాన చాలు, ఉబ్బుతుంది.
కాజాకి దారం వెయ్యడానికి చేతులు రాలేదు వీళ్ళకి,
పేరు మాత్రం నాలుగుచోట్ల కుట్టుకున్నారు."
కోటు మడిచి నా చేతికిచ్చింది.
"ఎనిమిదికి కూడా ఎక్కువే."

నా బీరువాలో అలాంటివి మూడున్నాయి.
ఆ సంగతి చెప్పలేదు.

మగవాళ్ళ వరసలో చాలాసేపు వెతికింది.
ఆఖరికి తీసింది, తడిసిన రాయి రంగు ఉన్ని కోటు,
మోయడానికే ఒక మనిషి కావాలి.
మెడపట్టీలో ఎవరో భార్య కుట్టిన పేరు:
హెచ్. ఓగిల్వీ.
గుండీలు మగవాళ్ళ వైపున్నాయే అన్నాను.
"చలికి తెలుసా ఏవైపో?"
జేబులో చెయ్యి పెట్టింది,
వేళ్ళు కిందనుంచి బయటికొచ్చి నాకేసి ఊగాయి.
"చిల్లు. యాభై పెన్నీలు తగ్గించు."
అయిదు పౌన్ల కోటు అది. ధర్మానికి నడిచే కొట్టు ఇది.
తగ్గించాను.

తొడుక్కునే వెళ్ళింది, చేతులు మడిచి,
ఓగిల్వీ భుజాల్లో
కాస్త వదులుగా.

శనివారం ఒక కాలేజీ పిల్ల
ఒంటె రంగు కోటు చూసి కేక పెట్టింది.
ఫోను తీసి అసలు ధర వెతికి
నాకే చూపించింది, దొంగసొత్తు దొరికినంత సంబరంగా.
డబ్బులు తీసుకున్నాను. కాగితం సంచిలో పెట్టాను.
నోటిదాకా వచ్చింది ఒక మాట.
బయట అప్పుడే
వాన మొదలవుతోంది.