తవుడుకి కొన్న పేరు

రాత్రి రెండున్నర.
శ్రీకాకుళం పెద్దాసుపత్రి, పసికందుల వార్డు.
ఏడో నంబరు వార్మర్ కింద
కిలో నూటపది గ్రాముల మనిషి
ఊపిరి మర్చిపోతూ
మళ్లీ గుర్తు తెచ్చుకుంటూ.

దమయంతిని పలాస నుంచి నూటెనిమిదిలో తెచ్చారు.
జీడి బట్టీలో పిక్కలు కొట్టే పిల్ల.
నేను చిన్న గిన్నె పట్టుకుని ఎదురుగా కూచుంటే
చేతులు వీపు వెనక్కి దాచేసింది.
"సూడమ్మా, జీడి తినీసిన సేతులు.
ఈటితో సంటోడి పాలు ఎలాగ ముట్టుకుంతాను?"

రెండుసార్లు సబ్బుతో కడిగించాను.
తోలు లోపలికి దిగిన నలుపు, కదల్లేదు.
పర్లేదు, పిండు అన్నాను.

గోడవార నుంచి అత్త, తవిటమ్మ:
"ఆ పసుప్పాలు పారబోసీమను.
మాయమ్మ పారబోసింది, నానూ పారబోసినాను."

ఎంతమంది దక్కేరు?
అడగరాని మాట. జారిపోయింది.

కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది కాసేపు.
"నాకు ముందు ముగ్గురు పోనారు మాయమ్మకి.
నాను పుట్టగానే సేటలో ఏసి
తవుడికి పక్కింటోలకి అమ్మీసి
మల్లీ కొనుక్కున్నాది.
అందుకే ఈ పేరు."

పావుగంటకి సిరంజిలో
అర మిల్లీలీటరు.
ముగ్గిన జీడిమామిడి పండు రంగు.

ట్రైనింగులో బట్టీ పట్టిన పేర్లు
ఈ వేళప్పుడు నిద్రలో నడుస్తూ వస్తాయి.
లాక్టోఫెర్రిన్:
ఇనుమంతా తన కొంగున ముడేసుకుంటుంది,
క్రిములు ఆకలికి మాడతాయి.
లైసోజైమ్:
వాటి గోడలకి కన్నం వేస్తుంది.
ఇమ్యునోగ్లోబ్యులిన్ ఏ...
దీన్ని ఈ పిల్లకి ఎలా చెప్పను?

ఇలా చెప్పాను:
కిందటి వానల్లో నిన్ను మంచాన పడేసిన విరేచనాలు,
షెడ్డులో నలభైమంది ఒకే గ్లాసు తిప్పుకుంటే
అంటుకున్న దగ్గు,
మీ వీధి బోరునీళ్లలో ఏముందో అదీ,
నీ ఒళ్లు దేన్నీ మర్చిపోలేదు.
వచ్చిపోయిన రోగాల ఆనవాళ్లన్నీ
ఈ చుక్కలోకి దింపింది.
వాడు వెళ్లాల్సింది
ఆ వీధికే కదా.

దమయంతి మొదటిసారి నవ్వింది.
"అయితే నా జొరాలు కూడా పనికొచ్చీసినాయన్నమాట."

దూదిపుల్లతో కుడి బుగ్గలో రెండు చుక్కలు,
ఎడమ బుగ్గలో రెండు.
గోరంత నాలుక కదిలింది.
మోనిటర్ మీద అంకెలు
తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది, తొంభై మూడు.
బతుకుతాడా అని వాళ్లడగలేదు.
నేను చెప్పలేదు.

సిరంజి పారేయబోతుంటే
నా మణికట్టు పట్టుకుంది తవిటమ్మ.
దీపానికి ఎదురుగా పైకెత్తి,
ఒక కన్ను మూసి,
చేటలో నూకలు వెతికినట్టు చూసి,

"మూలన ఇంకా ఉందమ్మా.
ఒగ్గీకు."