గీతకి ఇవతల

థండర్ బేలో ఆ రాత్రి మైనస్ పద్దెనిమిది.
రింకు వెనక గేటు దగ్గర,
యంత్రం గీకి పారబోసిన మంచుకుప్ప పక్కన
ఏడుగురం నిలబడ్డాం.
అందరి ఒంటి మీదా చారల చొక్కాలే,
ఏ ఒక్కరి మెడలోనూ ఈల లేదు.

ఈలలు లీగువి.
మమ్మల్ని బయటికి నెట్టి తాళం వేసిన రోజే
సంతకం పెట్టించుకుని లాక్కున్నారు.
చొక్కాలు మేం కొనుక్కున్నవి,
అవి అడగడం మర్చిపోయారు.

పోలీసులొచ్చి మంచు మీద
నారింజ రంగు డబ్బాతో ఒక గీత చిమ్మి పోయారు.
ఇది దాటొద్దు, అన్నారు.
గీతల గురించి నాకు చెప్పారు!

ప్లకార్డు పట్టుకోవడం నాకు చేతకాదు.
ఇరవై రెండేళ్లుగా ఈ చేతులు నేర్చింది
పక్‌ని నిటారుగా జారవిడవడం,
కొట్టుకుంటున్న ఇద్దరి మధ్య దూరి
ఎవరి కాలరూ రవ్వంత ఎక్కువ గుంజకుండా విడదీయడం.
అట్టముక్క మీద ఐలా రాసిచ్చింది.
న్యాయం అన్న మాటలో చివరి అక్షరానికి చోటు చాలక
అంచు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

నువ్వెవరి వైపు, అని అడిగేవాళ్లు
మంగలీ, పాస్టరూ, సొంత అన్నా.
ఎవరి వైపూ కాదనేవాణ్ణి.
చిన్నప్పుడు నాకూ ఒక జట్టుండేది.
ఉద్యోగంలో చేరిన రోజు ఆ టోపీని
చర్చి వాళ్ల పాతబట్టల పెట్టెలో వేసి వచ్చాను.

చర్చల్లో లీగు వకీలు మెత్తగా అన్నాడు:
"ఏడాదికి డెబ్బై రాత్రులేగా, మిస్టర్ లాహ్తెలా."
రాత్రుల్ని లెక్కపెట్టాడు, రోడ్లని పెట్టలేదు,
హెడ్‌లైట్ల ముందు కదలని మూస్ దుప్పిని పెట్టలేదు.
పింఛను తీసేసి
మార్కెట్టుతో పాటు లేచి పడే పొదుపు ఇస్తాడట.
గాస్పార్డ్ ఏమీ అనలేదు.
పై వరస కట్టుడు పళ్లు తీసి
నున్నటి బల్ల మీద పెట్టాడు.
"వీటిని ఏ ఖాతాలో రాశారు?"
మాట సరిగా పలకలేదు, అర్థం మాత్రం అయింది.
వకీలు కాఫీ కప్పు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

ఆరున్నరకి ఓరెస్ట్ కారు వచ్చింది.
పిల్లల లీగులో నేను నేర్పినవాడు.
పక్‌ని చూడకు, గీతని చూడు, అని
నెత్తి మీద మొట్టి మరీ నేర్పాను.
వాడి భార్యకి ఏడో నెల.
అద్దం దించలేదు, కానీ బండి నెమ్మదించాడు.
ద్రోహీ, అని మావాళ్లెవరో అరిచారు.
నేనూ అరవాలి.
నోరు తెరిచేలోగా
చేతులు వాటంతటవే రెండు పక్కలకీ చాచుకున్నాయి,
తప్పు లేదు, ఆట సాగనీ, అన్నట్టు.
అలవాటు.
ప్లకార్డు వెళ్లి మంచులో పడింది.

తర్వాత గోడ అవతల నుంచి హోరు.
గోడకి చెవి ఆనించక్కర్లేదు నాకు,
ఆ హోరు తిని బతికినవాణ్ణి.
ఇది గోలు, ఇది గుద్దులాట, ఇదిగో ఇది తప్పు తీర్పు.
మూడో పీరియడ్‌లో అరుపు మారింది:
పాతవాళ్లని తీసుకురండి!
మా అమ్మని ఇన్నేళ్లూ ఏమేమో అన్న గొంతులే.
గాస్పార్డ్ పడీపడీ నవ్వాడు,
థర్మాస్‌లో టీ ఒలికి యాలకుల రొట్టె తడిసిపోయింది.

పదకొండింటికి బయటికొచ్చాడు ఓరెస్ట్.
కనుబొమ్మ మీద నాలుగు కుట్లు.
ఈసారి అద్దం దించాడు.
"ఆ చివరిది ఆఫ్‌సైడేనా, రైనో?"
"చూడనిది చెప్పను."
వాడు కదల్లేదు. ఇంజను వణుకుతోంది.
"ఎక్కడ నిలబడ్డావు?"
"గీత లోపల."
"అటో కాలూ ఇటో కాలూ వేసి నిలబడాలిరా,
ఎన్నిసార్లు చెప్పాను..."

అంటూనే కిందికి చూశాను.
మంచులో నారింజ గీత.
నా బూట్లు రెండూ
దానికి ఒకే వైపున్నాయి.