రెండో నకలు

కొత్తవాడల మగ్గాలు ఆగినంక
మా గదిల ఇంకేదో చప్పుడయింది.
కిర్రు, కిర్రు. జెర ఆగి, టక్కు.
నాడె ఉరికే చప్పుడు నాకెరుకే,
ఇది అంచు విరిగిన నాడె.

కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనిచ్చి విన్న.
పదకొండేండ్ల జంపఖానా నక్షలు దాంట్లనే ఉన్నయి.
గడుల కాగితాల మీద గీసి, స్కాన్ చేసి
ఒక్కొక్క గడికి రంగు నింపినవి.
అండ్ల ఒక నెమలి,
దాని కన్ను ఒక గడి పక్కకు జరిగింది.
దిద్దుత దిద్దుత అనుకుంటనే
అట్లనే నేసినం, అట్లనే అమ్మినం.

పొద్దుగాల చౌరస్తల చేరాలు దుకాణం.
అద్దాలు ముక్కు మీదికి జార్చి అన్నడు:
"రెండు తొవ్వలున్నయక్కా.
ఫైళ్లు మాత్రమే తీసి పెట్టుకునుడు ఒకటి.
డిస్కుకు డిస్కే దించుడు ఇంకోటి, క్లోనంటరు.
పాతది పోయిన్నాడు కొత్తది బిగిస్తే
నీ చెత్తబుట్ట గూడ ఏడున్నది ఆడనే ఉంటది."

నేను మగ్గం మాటల్ల తర్జుమా చేసుకున్న.
నక్ష దాసుకునుడు ఒకటి.
మగ్గాన్నే, పడుగుతోని,
తెగినకాడ ఏసిన ముడులతోని
పక్కింట్ల దింపుడు ఇంకోటి.

"మరి చెదలో?"
"చెద గూడ వస్తదక్కా.
పైగా అది ఆ ఒక్కరోజు ఫోటో.
తెల్లారి నువ్వు గీసిన పువ్వు దాంట్లుండది."

అయితే రెండూ చేద్దామన్న.
పడుగు ఒక్కసారే తోడుతం, పేక రోజూ ఏస్తం.
క్లోను ఇయ్యాల్నే దించు,
మారిన ఫైళ్లు రోజు మాపటికి నేను ఎక్కిస్త.
డిస్కుకు నాలుగు వేల రెండొందలు,
బేరమాడితే చాయ తాగిపిచ్చిండు.

రాత్రి మా ఇంట్ల
రెండు డిస్కులు, ఒక్కటే సైజు, ఒక్కటే కంపెనీ.
ఏ దాంట్లకెల్లి, ఏ దాంట్లకు? అని అడుగుతున్నది తెర.
తప్పు నొక్కితే
వట్టిది వచ్చి నిండుదాన్ని తుడిచేస్తదట.
చేరాలు చెయ్యి గూడ గాల్లనే ఆగింది.
నీలిమందు పోగు తెచ్చి పాతదానికి కట్టిన,
రంగెయ్యని పోగు కొత్తదానికి.
పేర్లు, నంబర్లు రెండుసార్లు చదివి
అప్పుడు నొక్కమన్న.

ఆరు గంటలు పట్టింది.
డెబ్బయి మూడు కాడ కరెంటు పోయింది,
ఇన్వర్టర్ గుయ్యిమన్నది,
మేమిద్దరం ఊపిరి పీల్చుడు మర్చిపోయినం.

మూడోది మడికొండల మా యారాలు బీరువల,
పట్టుచీరల నడుమ.
నాలా నీళ్లు గడప దాటిన ఏడు
ఒక్క అల్మారాల పెట్టిన కాగితాలన్నీ
ఒక్కసారే ముద్దయినయి, అది మర్చిపోలే.

దించుకున్నదే గని తెరిచి చూడనిది
మూతబెట్టిన సద్దిగిన్నె.
పులిసిందో లేదో ఎవరికెరుక?
కొత్త డిస్కు బిగించి మీట నొక్కిన.
లేచింది. నెమలి వచ్చింది.
కన్ను గదే, ఒక గడి పక్కకు.

పదకొండేండ్లకు ధైర్యమొచ్చి
కన్నును దాని తావుకు జరిపిన.
చూసిన. మల్లొకసారి చూసిన.
ఎవరింటి నెమలో లెక్కున్నది.

మల్ల పక్కకే జరిపిన.