ఈ ఏటి స్టారు

డిసెంబరు పది దాటింది. జ్ఞానాపురంలో
మా వాకిలి ఒక్కదానికే స్టారు లేదు.
పూర్ణా మార్కెట్లో అడిగాను, చిన్నదే మూడొందల యాభై.
"కాయితానికా!" అంది ఆరోగ్యమ్మత్త,
అని, మంచం కిందకి దూరి
రేకుపెట్టె ఈడ్చుకొచ్చింది.

మా ఇంట్లో ఏ వస్తువూ చచ్చిపోదు.
పెట్టెలోకి పోయి పడుకుంటుంది.

హుద్‌హుద్ నాడు తిరగబడ్డ గొడుగు.
ఎనిమిది ఊచల్లో మూడు విరిగాయి.
"స్టారుకి ఐదే కదే కావాల.
ఆ గాలి నెక్క సూసుకునే ఇరిసింది."
ఊచ మీద ఊచ వేసి, కూడలి కూడలికీ
ఫ్యాను వైండింగు తీగ బిగించి కట్టాను.
వేళ్లు రెండుచోట్ల తెగాయి.

కుక్కర్ పాత గాస్కెట్టుకి
నా పచ్చలంగా చీల్చి చుట్టాం, తలుపు మీద దండ.
మాడిపోయిన బల్బులకి ఆడపడుచు వదిలేసిన గోళ్లరంగు.
ఆమె పెళ్లికార్డులు, మిగిలినవి నలభై,
గంటలయ్యాయి;
వరుడి పేరు లోపలివైపుకి మడిచాం.
(ఆ సంగతి ఇప్పుడెందుకు.)
టేపురికార్డరు నమిలి ఉమ్మేసిన క్యాసెట్టు
కడుపులోంచి బారలు బారలుగా లాగితే
తళతళమని తోకచుక్కకి తోకయింది.

పశువుల పాక మీదకి మంచు కావాలంది పాప.
చిరిగిన దోమతెర పరిచాను.
ఎలా ఉంటుందో నాకూ తెలీదు.
మా పేటలో పైనుంచి కురిసేది ఒకటే,
అది నల్లగా ఉంటుంది.

అన్నీ కుదిరాయి గానీ
స్టారు కొమ్ములకి అతికించడానికి
వెలుతురు దాటే కాగితం లేదు.

అప్పుడు, పెట్టె అడుగున, చీరల కింద
కేజీహెచ్ కవరు.
ఐదు ఫిల్ములు. రాయప్ప మామవి.
ముప్పయ్యేళ్లు పోర్టులో
ఇనపరాయి, బొగ్గు, ఎత్తీ పోసీ, ఎత్తీ పోసీ,
"ఊపిరి బిగపట్టు, కదలకు" అన్నప్పుడల్లా
బుద్ధిగా నిలబడిన ఐదుసార్లు.

"బ్లీచింగులో నానబెడితే అద్దంలా తేలతాయట" అన్నాను.
అన్నాక నాలిక్కరుచుకున్నాను.
అత్త ఏమీ అనలేదు. బకెట్ తెచ్చింది.

మొదటిది ముంచాం. పక్కటెముకలు ఒక్కొక్కటే
నిమ్మళంగా నీళ్లలోకి దిగిపోయాయి.
రెండోది. మూడోది.
బకెట్ నిండా నలుపు.
దగ్గి దగ్గి ఆయన బయటికి తేలేకపోయిందంతా
మా పెరటి తూములోంచి పోయింది.
నాలుగోది కూడా నీలంగా తేలింది.

ఐదోది తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంది,
చాలాసేపు.
"ఇది ఉండనీయే.
మీ మావకి తీయించిన ఫోటోల్లో
ఇదే పెద్దది."

రాత్రి, లోపల జీరో బల్బు వేలాడదీసి స్విచ్చేస్తే
నాలుగు కొమ్ములు నీలంగా,
ఒక కొమ్ములో మనిషి.

పాప తల వెనక్కి వంచి చూసింది.
"నానమ్మా, మన స్టారుకి ఎముకలున్నాయే!"
"మరి ఎముకల్లేకుండా నిలబడతాదేటే?"

కేరల్స్ కుర్రాళ్లు వచ్చారు. గిటారు పట్టుకున్న ఫ్రాన్సిస్
పైకి చూసి, చరణం మధ్యలో, ఒక తీగ తప్పాడు.
వాళ్ల నాన్నా పోర్టే.
కేకు లేదు, అరిసెలు పెట్టాం.
ఎదురింటి వీర్రాజు గేటు దగ్గరే ఆగి
ఎక్కడ కొన్నారండీ, మాకూ చెబుదురు, అన్నాడు.

తెల్లారేసరికి స్టారు మీద బొగ్గుపొడి.
గాలి పోర్టు వైపునుంచి కదా.
అత్త స్టూలెక్కింది, మామ పాత లుంగీముక్కతో.
నాలుగు కొమ్ములు టపటపా దులిపేసింది.
ఐదోదాని దగ్గర గుడ్డ తడిపి, పిండి,
పైనుంచి కిందకి,
వీపు రుద్దినట్టు.

"రాత్రికి మళ్లీ పడుతుందత్తా" అన్నాను.

"పడనీ" అంది.
"స్టూలు లోపలెట్టీకు."