ఒక డబ్బా బరువు

ముందు బ్యాగును కాటా ఎక్కించాను.
మా ఫ్యాక్టరీ కాటా అబద్ధం చెప్పదు,
చెబితే కూర్మారావు ఊరుకోడు.
పద్నాలుగు కిలోల మూడొందలు.
"డబ్బాకి పది. మించితే లారీ ఎక్కదు"
అన్నాడు, నన్నూ సరుకులో జమకట్టి.

పది కిలోల గుండ్లు, చుట్టూ సీలు.
పలాసలో పుట్టినదానికి
బరువంటే అదే, దూరమంటే అది పోయినంత.

నాలుగు కిలోలు తియ్యాలి.
రెండో చెప్పుల జత తీశాను.
పెద్ద తువ్వాలు తీశాను.
చింతపండు ముద్ద తియ్యబోతే
దాలమ్మ నా మణికట్టు పట్టుకుంది.
"అక్కడి కూడు ఎలాటిదో, నోరు సచ్చిపోద్ది.
ఉంచుకోయే గుంటా."
నాకు నలభై మూడు. దాలమ్మకి ఇంకా గుంటనే.

దేశాలు నాకు పుస్తకంలో పరిచయం కాలేదు.
గోనె సంచుల మీద వచ్చాయి,
నీలం సిరాతో, ఒక అక్షరం చెరిగి,
ఒకటి కుట్టులో మడతపడి.
లారీ దించేటప్పుడు కూడబలుక్కునేదాన్ని:
మ్ట్వారా.
ఒక్క అక్షరానికి రెండు ఒత్తులు వేలాడే ఊరు.
సంచి దులిపితే రాలిన మట్టి
మన మట్టికన్నా ఎరుపు.
చిటికెడు అగ్గిపెట్టెలో దాచి ఇరవై ఏళ్ళు.
అదెక్కడిదో నడిచెళ్ళి చూడాలని ఉందంటే
నవ్వుతారని తెలుసు.
చెప్పాను. నవ్వారు.
చీటీ పాట నాకు వదిలేసింది కూడా వాళ్ళే.

పాసుపోర్టు కోసం విశాఖ వెళితే
యంత్రం నన్ను ఒప్పుకోలేదు.
గాజు మీద వేలు పెడితే ఎర్ర దీపం,
కొంగుతో తుడిచి పెడితే ఎర్ర దీపం.
పదకొండేళ్ళు పిక్క కొట్టిన వేళ్ళు.
జీడి రసం గీతలన్నీ తాగేసింది.
"రేఖలు లేవేటమ్మా?" అన్నాడా కుర్రాడు.
ఉండేవి బాబూ, కిలోకింతని అమ్ముకున్నాను.
ఆ జవాబు బస్సులో, రణస్థలం దాటాక తట్టింది.
మూడు నెలలు రోజూ రాత్రి కొబ్బరినూనె రాసి
మళ్ళీ వెళితే
ఎడమ చిటికెన వేలు ఒక్కటి ఆకుపచ్చగా వెలిగింది.
సర్కారుకి నేనంటే ఇప్పుడు ఆ వేలే.

రేవు దగ్గర ఎల్లో ఫీవర్ సూది వేశారు.
"ఇది వెళ్ళటానిక్కాదు, తిరిగి రావటానికి" అంది నర్సు.
అడిగేది మన దేశమేనట.
ఆ పసుపు రంగు కార్డుని
పాసుపోర్టు కన్నా లోపలి అరలో పెట్టాను.

పట్టీలు తవుడు మళ్ళీ కుట్టాడు,
గోనె సూదితో, మైనం పట్టించిన దారంతో.
"కంపెనీ కుట్టు బజారు దాకా వస్తాది, నీది దూరం."
కూలి తీసుకోలేదు.
వచ్చాక ఎక్కడ తెగిందో చూపించమన్నాడు.

నిన్న మళ్ళీ కాటా.
పది కిలోల నూట అరవై.
కూర్మారావు చింతపండు కేసి చూశాడు.
దాలమ్మ కూర్మారావు కేసి చూసింది.
చీటీ మీద 'పది' అని రాసి సంతకం పెట్టాడతను.
అగ్గిపెట్టె నా జాకెట్టులో ఉంది.
దాన్ని ఎవరూ తూచలేదు.

తెల్లారగట్ల డబ్బాలో ఇసక నింపి
వీపున వేసుకుని మందస రోడ్డు పడతాను.
భుజాల మీద చారలు ముందు మండాయి,
ఇప్పుడు కాయ కాస్తున్నాయి.
ఎడమ పక్క మహేంద్రగిరి
నాతో నడిచినట్టే ఉంటుంది, ఒక్క అడుగూ వెయ్యదు.
మొన్న ఆర్టీసీ బస్సు పక్కన ఆగింది.
"ఎక్కు పిన్నీ, ఎందాకా?"
"ఎక్కడికీ లేదు బావూ,
నడక నేర్సుకుంతన్నాను."
టిక్కెట్టు కొట్టబోయిన చెయ్యి అలాగే ఉంచి
కండక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.
బస్సు వెళ్ళిపోయింది.
డబ్బాలో ఇసక
ఒకసారి కదిలి, నా వీపుకి ఆనుకుంది.