నుదుటి వెనక రాత

రాత్రి పదకొండు దాటాక
బతికున్నవాళ్ల వరస అయిపోతుంది.
ఆఖరి మోకాలూ ఆఖరి దగ్గూ ఇళ్లకి వెళ్లాక
కుతాయిసి ఆసుపత్రి నేలమాళిగలో
నేనూ, సీటీ యంత్రమూ,
తలుపవతల ట్రాలీ మీద అతనూ మిగులుతాం.

అతను మంచులోంచి వచ్చాడు.
స్వానేతి కొండల్లో హిమానీనదం కరిగి కరిగి
ఈ ఆగస్టులో ముందు ఒక బూటు మడమని వదిలింది,
తర్వాత ఆ బూటులో ఉన్నవాణ్ణి.
కాపరి కుక్క చూసిందట, కాపరి కన్నా ముందు.

"ఊపిరి బిగబట్టండి"
అలవాటు కొద్దీ మైకులో అనేశాను.
పదహారేళ్ల ఉద్యోగంలో
ఇంత బాగా మాట విన్న మనిషి లేడు.

పేరు లేదు. సంచికి ఒక నంబరు.
కత్తి పెట్టొద్దని సంతకం చేసింది సియూరి,
తమ్ముడో కాదో తేలకముందే
తమ్ముడిగానే అనుకుని.
అందుకని కోత లేదు, కుట్టు లేదు,
సంచి జిప్పు కూడా తీయలేదు.
తొక్క ఒలవకుండానే ఉల్లిపాయ పొరలు లెక్కపెట్టినట్టు
తెర మీద మాత్రం
వెయ్యి పలచటి ముక్కలయ్యాడు.

ఆమె చేతిలో పాత పేపరు చుట్టిన ఎక్స్‌రే ఫిల్ము.
వాడికి పంతొమ్మిదో ఏట తలనొప్పికి తీయించింది.
ఒక మూల కమిలింది, మధ్యంతా వేలిముద్రలు.
"దీంతోనే గ్రహణం చూశాం, ఊరు ఊరంతా వంతులేసుకుని.
వాడి నుదురు అడ్డం పెట్టుకుని
సూర్యుణ్ణి చూశాం."

నుదుటి ఎముకలో రెండు గాలి అరలుంటాయి.
గోటితో చింపిన మబ్బులా ఉంటుంది వాటి అంచు.
ఒకరి మబ్బు ఇంకొకరికి రాదు,
కవలలకైనా సరే.
నుదుటి మీద రాసి ఉంటుందనేది మా అమ్మమ్మ.
మీద కాదే అమ్మమ్మా, వెనక.
జలుబు చేస్తే తప్ప ఎవరికీ గుర్తురాని చోట.

ఫిల్ముని లైటు పెట్టె మీద పెట్టాను.
ఎడమ పక్క మూడు బుడిపెలు, కుడి పక్క ఒకటి,
నడిమి గోడ కాస్త వాలి.
తెర మీదా అంతే. గోడ వాలు కూడా.
డాక్టర్ నుగ్జార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని
రిపోర్టులో పేరు రాశాడు: బిముర్జా పర్జియానీ.
నలభై రెండేళ్ల తర్వాత నంబరు మనిషయింది.

అక్కడితో ఆగాలి. అడిగిందంతే కదా.
కానీ ఈ యంత్రానికి
అడిగిన దాని వరకే చెప్పడం రాదు.

మంచు విరిచిన ఎముకల అంచులు పదునుగా ఉన్నాయి.
ఇవి వేరు.
ఎడమ పక్కన మూడు పక్కటెముకలు, విరిగి అతుక్కున్నవి.
ముంజేతి ఎముక నడుమ ఒక ముడి, వంకరగా.
ముఖం మీదికొచ్చే దెబ్బకి
చెయ్యి అడ్డం పెట్టినప్పుడు విరిగే చోటది.
ఎప్పటివో చెప్పలేను.
చావు కన్నా చాలా ముందువని మాత్రం చెప్పగలను.

వేటకెళ్లి తప్పిపోయాడని పాత కాగితంలో ఉంది.
జేబులో తూటా ఒక్కటీ లేదు.
తాళంచెవి మాత్రం ఉంది,
తెర మీద తెల్లగా, పళ్లతో సహా.

సియూరికి చెప్పాను, చూపించలేదు.
చాలాసేపు తన రుమాలు అంచు సరిచేసుకుంది.
"అక్రోటు చెట్టు మీంచి పడ్డాడు, చిన్నప్పుడు."
సరేనన్నాను.
పక్కటెముకలూ, చెయ్యీ, ఒకే చెట్టా అని
అడగలేదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
నలభై రెండేళ్లు గడ్డకట్టి నిలబడింది
ఈ ఇంటి నిజం.

ఫిల్ము తిరిగివ్వడానికి లేదు, కేసులో సాక్ష్యమైపోయింది.
ఆ మాటకి తలూపి, గుమ్మం దాకా వెళ్లి
తలుపు పిడి పట్టుకునే ఉండి,
నా వైపు తిరగకుండా అంది:

"మా ఊరి ఎత్తుకి
అక్రోటు చెట్లు బతకవు, బిడ్డా."

రిపోర్టులో ఆ మాటకి గడి లేదు.
లైటు పెట్టె ఆర్పడం మర్చిపోయాను.
తెల్లారేదాకా ఖాళీ గదిలో
అతని నుదురు వెలుగుతూనే ఉంది.